చీటీ లేని శాలువా

ఆవిడ పోయిన రెండు వారాలకి ఏలూరు నుంచి నాకొక బిస్కట్ల డబ్బా వచ్చింది. తాడేపల్లిగూడెం వస్తున్న ఎవరి చేతికో ఇచ్చి మా పాత స్కూలు ఆయా పంపింది. దాంతోపాటు ఎవరిచేతో రాయించిన ఉత్తరం ముక్క. "అమ్మగారు పోయారండి. మరీ ఎక్కువ బాధపడలేదండి. మంచం కింద ఈ డబ్బా ఉందండి. మీ పేరు చీటీ మీద రాసి అంటించి ఉంచారు కాబట్టి మీకే పంపుతున్నానండి." అంతకు మించి ఏమీ లేదు.

మూత మీద చీటీ ఉంది. అక్షరాలు ఒకటి పైకి, ఒకటి కిందికి. వేళ్ళు వంగిపోయాక రాసినవని చూడగానే తెలిసింది. మూడు రోజులు ఆ డబ్బాని బల్ల మీద పెట్టుకుని దాని చుట్టూ తిరిగాను గాని మూత తియ్యలేదు. లోపల ఏముందో నాకు తెలుసు. తెలుసు గనకే చెయ్యి రాలేదు.

ఆవిడ ఊలు అల్లిక నేర్పే టీచరు. మిషను వాళ్ళ ఆడపిల్లల స్కూల్లో, పంతొమ్మిదివందల ముప్ఫైల మొదట్లో, నేను ట్రైనింగు ముగించుకుని చిన్న టీచరుగా చేరేసరికి ఆవిడకి యాభై దాటి ఉంటాయి. ఏలూరు ఎండల్లో ఊలు టోపీలేమిటని ఊరంతా నవ్వేది. నేనూ నవ్వాను. చేరిన కొత్తలో ఉండబట్టలేక అడిగేశాను కూడా.

"చలే లేని ఊళ్ళో ఈ టోపీలు ఎవరికండీ?"

"వానాకాలంలో కొల్లేట్లో దోనె మీద ఎప్పుడైనా కూర్చున్నారాండి?"

"లేదండి."

"అయితే మీకు చలి తెలీదండి" అని, చేతిలో సూది జుట్టు ముడిలో దోపుకుని లేచి వెళ్ళిపోయారు. కోపమొచ్చిందేమో అనుకున్నాను. మర్నాడు నాకు టీ కలిపి ఇచ్చారు గనక కోపం కాదని తేల్చుకున్నాను. ఆ మాట వెనకాల ఏముందో తెలుసుకోవడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

ఆ ముడిలో ఎప్పుడూ రెండు సూదులుండేవి. కొన్నవి కావు. విరిగిన గొడుగుల ఊచలు తెచ్చుకుని, అరుగు రాయి మీద అరగదీసి, కొనలు నున్నగా చేసి పెట్టుకునేవారు. ఊళ్ళో ఎవరి గొడుగు గాలికి తిరగబడినా ముందు ఆవిడ మొహం వెలిగేది. ఒకసారి పెద్దవానలో హెడ్‌మిస్ట్రెస్‌గారి గొడుగు విరిగితే "అయ్యో పాపం" అంటూనే కళ్ళతో ఊచలు లెక్కపెట్టుకున్నారు. సాయంత్రానికి ఆ ఊచలు మా క్లాసులో ఉన్నాయి.

అందర్నీ మీరు అనే పిలిచేవారు. రెండో క్లాసు పిల్లని కూడా "ఏవండీ, మీ కన్ను జారిందండి, చూసుకోండి" అనేవారు. అల్లికలో ఒక్కో ఉచ్చుని ఆవిడ కన్ను అనేవారు, వల అల్లేవాళ్ళ మాట అది. చిక్కుపడిన ఊలుని కూడా ఆవిడ అండీ అనకుండా విడదీసేవారు కాదు. "ఏవండీ, ఇలా ముడిపడి కూర్చుంటే ఎలాగండి? కాస్త వదలండి మరి" అని బతిమాలుతూ చిక్కు తీసేవారు. పిల్లలు నోరు మూసుకుని నవ్వుకునేవారు. ఆ ఊలు ఆవిడ మాట విన్నట్టే వదులయ్యేది, అది మాత్రం నిజం.

టోపీలు ఉతికి ఆరబెట్టడానికి ఆవిడకి కొబ్బరికాయలు కావాలి. పీచు తీసిన కాయలు వరసగా వరండాలో పెట్టి, ఒక్కోదానికీ ఒక్కో టోపీ తొడిగేవారు. దూరం నించి చూస్తే పది మంది పసిపిల్లలు ప్రార్థనకి కూర్చున్నట్టుండేది. హాస్టలు వంటామె "పచ్చడికి కాయ లేదండి, అన్నీ టోపీలు పెట్టుకు కూర్చున్నాయి" అని రోజూ మొత్తుకునేది. ఆ టోపీలు ఆసుపత్రిలో పుట్టిన పిల్లలకి వెళ్ళేవి. ముఖ్యంగా కొల్లేటి లంకల నుంచి పడవల మీద వచ్చే తల్లుల పిల్లలకి. ఏ తల్లి ఏ లంక నుంచి వచ్చిందో అడిగి మరీ టోపీ తనే తొడిగి, గడ్డం కింద తాడు ముడేసి వచ్చేవారు.

ఊలు తంగెళ్ళమూడి నుంచి వచ్చేది. అక్కడ తివాచీలు నేయించే ముసలి సాయిబుగారొకరు మగ్గాల దగ్గర మిగిలిన ముక్కలన్నీ గోనెసంచిలో వేసి ఉంచేవారు. ముతక ఊలు. ముట్టుకుంటే గుచ్చుకునేది. ఆవిడ దాన్ని కుంకుడు రసంలో నానబెట్టి, నీళ్ళు మార్చి మార్చి, మళ్ళీ నానబెట్టి, బుగ్గకి ఆనించి చూసి, ఊహూఁ అని మళ్ళీ నానబెట్టేవారు. సాయిబుగారి మనవలందరి తలల మీదా ఆవిడ టోపీలే.

ఆ మగ్గాల దగ్గరే ఆవిడ ఒక పద్ధతి నేర్చుకున్నారు. తివాచీ నేసేటప్పుడు ఒకరు డిజైను పైకి చదువుతుంటే మగ్గం మీదున్నవాళ్ళు విని ముడులు వేస్తారు. మా క్లాసులోనూ అంతే. ఒక పిల్ల చదవాలి, మిగతావాళ్ళు అల్లాలి. "మూడు సూటి, రెండు తిరుగుడు, ఒక జోడు, ఒక ఖాళీ." సూటి అంటే ముందు వైపు అల్లిక, తిరుగుడు అంటే వెనక వైపు అల్లిక. రెండు కళ్ళు కలిపితే జోడు, చిల్లు కోసం వదిలితే ఖాళీ. పక్క క్లాసులో ఎక్కాలు, మా క్లాసులో ఇది. రెండూ కలిసిపోయి ఒకసారి ఇన్స్పెక్టరుగారు తికమకపడ్డారు.

అయితే చదవడానికి పుస్తకమేదీ లేదు. మిషను దొరసానిగారు ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి బీరువాలో ఉండేది. దాన్నిండా ఏవో ఆకులు, పళ్ళు. "మనం ఆ చెట్టు చూళ్ళేదు కదండీ. చూడని ఆకు వేళ్ళకి ఎలా తెలుస్తుందండి?" అని ఆవిడ దాన్ని తియ్యనిచ్చేవారు కాదు. ఆవిడ డిజైన్లన్నీ కొల్లేటివే. నీళ్ళ పక్క బురదలో కొంగ కాలిజాడలు. చేప పొలుసు. దోనె వెళ్ళాక వెనకాల విడిపోయే నీటి చాలు. గూడబాతు రెక్క విప్పినప్పుడు కనిపించే నలుపు అంచు.

ఆ డిజైను కట్టడం చూడాలి. ఆదివారం గుళ్ళో ప్రార్థన అయ్యాక నేల మీద చాప పరిచి, చింతపిక్కల డబ్బా బోర్లించేవారు. ఒకవైపు అరగదీసిన పిక్కలు, పిల్లలు ఆడుకునేవి. నల్లవైపు పైకుంటే సూటి, తెల్లవైపు పైకుంటే తిరుగుడు. క్లాసులో పిల్ల పైకి చదివేది ఈ పిక్కల్నే. వరస కింద వరస పేర్చుకుంటూ పోయేవారు. మధ్యలో ఆగి, దూరంగా వెళ్ళి గుమ్మంలో నిలబడి చూసి, వచ్చి రెండు పిక్కలు తిప్పేవారు. మళ్ళీ దూరం. అలా పొద్దుగూకేదాకా. అల్లడం పూర్తయ్యాక ఆ పిక్కలన్నీ చీపురుతో డబ్బాలోకి ఊడ్చేసేవారు. చూస్తున్న నాకు ప్రాణం ఉసూరుమనేది.

"కాగితం మీద రాసి పెట్టుకోవచ్చు కదండీ?"

"రాస్తే మళ్ళీ అదే అల్లుతామండి. బద్ధకం."

ఏటా డిసెంబరు సెలవులకి ముందు మా స్కూలు హాల్లో చేతిపనుల ఎగ్జిబిషను జరిగేది. అది మా చుట్టుపక్కలకి పెద్ద పండగే. అత్తిలి నుంచి, పెంటపాడు నుంచి లేసు అల్లే ఆడవాళ్ళు వచ్చేవారు. గోడల నిండా సాయిబుగారి తివాచీలు. ఒక మూల ఖద్దరువాళ్ళు రాట్నాలు పెట్టుకునేవారు, దొరసానిగారు సరిగ్గా ఆ మూలకి వచ్చేసరికి తివాచీల వైపు తల తిప్పుకుని నడిచేవారు. ఆరుబయట కొల్లేటి వాళ్ళ వల అల్లే పందెం. నచ్చిన వస్తువు మీద దొరసానిగారు చీటీ గుచ్చేవారు. చీటీ మీద అల్లినవాళ్ళ పేరు, ఊరు. మా స్కూలు వాటిలో చీటీ పడ్డ వస్తువు అల్లినవాళ్ళ ఇంటికి పోతుంది. లేనిది స్కూలుకి.

నేను చేరిన రెండో ఏడు వల పందెంలో ఒక మనిషి తక్కువయ్యాడు. జ్వరమట. అతని ముందు నూలు ఉండ, అల్లే కర్ర ఊరికే పడి ఉన్నాయి. జనం గుంపులో నించి మా టీచరుగారు వెళ్ళి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, ఆ మగవాళ్ళ వరసలో కింద కూర్చున్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. గంట కొట్టారు. ఆ చేతులు ఏం చేస్తున్నాయో నాకు కనపడలేదు, అంత వేగం. పక్కవాళ్ళు అల్లడం మానేసి చూస్తూ కూర్చున్నారు. ముసలాయన ఒకడు, "ఎవరి పిల్లవమ్మా నువ్వు?" అన్నాడు. ఆవిడ ఒక పేరు చెప్పారు, తండ్రి పేరు కాబోలు. ఆయన గబుక్కున తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మీ నాన్న అల్లిన వల ఇంకా మా ఇంట్లో ఉందమ్మా" అన్నాడు. 

దొరసానిగారు నవ్వుతూ వచ్చి ఆ వలకి చీటీ గుచ్చబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు. "టీచరు పనికి చీటీ వద్దండి. చీటీ పిల్లలకి." ఆ ఒక్కసారే కాదు. ఎప్పుడూ అంతే.

ఎగ్జిబిషను మర్నాడు విప్పుడు రోజు. బయటివాళ్ళకి ఇది వింతగా ఉంటుంది. ఊలు ఏటా కొత్తగా దొరకదు గనక చీటీ పడని అల్లికలన్నీ విప్పేసి, ఊలు తడిపి, ఆరేసి, వచ్చే ఏడు పిల్లలకి సిద్ధం చేసుకోవాలి. దీనికి ఆవిడ పెట్టిన రూలు ఒకటే. "చీటీ ఉన్నది ఇంటికండి, చీటీ లేనిది ఊలు ఉండలోకండి." ముందుగా తన అల్లిక తీసి, పిల్లల ముందు కొస పట్టుకుని సర్రున లాగేసేవారు. నెలల తరబడి అల్లింది. మేం కళ్ళప్పగించి చూసేవాళ్ళం. ఆవిడ మొహంలో మాత్రం ఏమీ ఉండేది కాదు. "ఊలుకి అల్లినమ్మ పేరు గుర్తుండదండి" అనేవారు.

ఊరికే విప్పనిచ్చేవారు కాదు, చదువుతూ విప్పాలి. ఒకరు వరస పైకి చదివి అప్పుడు లాగాలి, ఎదుటివాళ్ళు రెండు చేతులూ చాచి కూర్చుంటే వాళ్ళ చేతుల చుట్టూ ఊలు చుట్టాలి. అలా చుట్టిన కట్టని చిలప అంటాం. విప్పిన ఊలు గిరజాల జుట్టులా ముడతలు ముడతలుగా ఉంటుంది. ఆ సాయంత్రమే తడిపి, కింద ఇటుకముక్క కట్టి వేలాడదీస్తే తెల్లారేసరికి సాపు అవుతుంది. ముడతలుండగా చిలపని డబ్బాలో పెట్టడం ఆవిడ లెక్కలో పాపం. ఒకసారి నేను మర్చిపోతే రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇంక అసలు సంగతి చెప్పాలి. ఇందాకటి నుంచీ దాని పక్కనించి నడుస్తున్నాను.

నాలుగో ఏడు వచ్చేసరికి ఆవిడ వేళ్ళకి వాతం పట్టింది. కణుపులు వాచి, చూపుడువేళ్ళు పక్కకి వంగిపోయాయి. చెంబు పట్టుకుంటే జారిపోయేది. క్లాసు నేను చెప్పేదాన్ని, ఆవిడ పక్కన కూర్చుని వినేవారు. అయినా సాయంత్రాలు గది తలుపు వేసుకుని ఏదో అల్లుతున్నారని ఆయా చెప్పింది. ఏమిటని నేను అడగలేదు.

ఆ ఏడు ఎగ్జిబిషను బల్ల చివర, పిల్లల టోపీల పక్కన, చిన్న శాలువా ఒకటి కనిపించింది. పాలలా తెల్లగా ఉంది. పసిపిల్లని చుట్టేటంత. నీటి చాలు అంచు మీద మొదలై, లోపలికి పోయేకొద్దీ చాలు విడిపోయి, మధ్యలో అలలు సన్నగిల్లి, చివరికి ఏ అల్లికా లేనట్టు నున్నగా, నిలకడ నీళ్ళలా అయిపోయింది. అందరూ దాని దగ్గర ఆగారు. దొరసానిగారు ఎవరిదని అడిగితే ఎవరూ మాట్లాడలేదు. పేరు తెలియక చీటీ గుచ్చలేదు.

ఆ సాయంత్రం ఆవిడ నన్ను పిలిచి, "రేపు విప్పుడు మీరు చూసుకోండమ్మా. నా చేతులు ఒకటే పోటండి" అన్నారు. మొదటిసారి నా చేతికి అప్పగించారని పొంగిపోయాను.

మర్నాడు పొద్దున్నే ఆయా బల్లల మీదవన్నీ బుట్టల్లో వేసి తెచ్చింది. చీటీలున్నవి ఒక బుట్ట, లేనివి ఒక బుట్ట. లేనివాటిలో అన్నిటికన్నా పైన ఆ శాలువా.

అది ఆవిడదేనని నాకు అనిపించింది. ఇన్నేళ్ళలో నేను ఎవరికీ చెప్పని మాట ఇది, ఆవిడకి తప్ప. అనిపించింది. ఒక్క నిమిషం చేత్తో పట్టుకుని ఆగాను. అడిగి వద్దామా అనుకున్నాను. ముప్ఫై మంది పిల్లలు నా వంకే చూస్తున్నారు. ఏటా ఆవిడ తన అల్లిక ముందు విప్పేవారు కదా, ఆవిడ లేనప్పుడు నేను దాన్ని దాచిపెడితే రూలు నాకు చేతకాలేదన్నట్టు కాదా? ఆవిడ లాగే, మొహంలో ఏమీ కనపడనీకుండా, కొస వెతికి పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. ముందుగా ఆ నున్నటి భాగం త్వరగానే విడిపోయింది. చదివీ చదవనట్టు లాగేశాను.

ఒక జానెడు మిగిలి ఉండగా గుమ్మంలో ఎవరో నిలబడ్డట్టయింది. తలెత్తితే ఆవిడ. రెండు చేతులూ పైట చెంగులో చుట్టుకుని ఉన్నారు. మెచ్చుకోవడానికి వచ్చారనుకున్నాను, దేవుడా. గొంతు పెంచి, ఒక్క కన్ను తప్పకుండా, స్పష్టంగా చదివాను. "నాలుగు సూటి, ఒక ఖాళీ, ఒక జోడు, రెండు తిరుగుడు."

ఆవిడ మెల్లగా లోపలికి వచ్చారు. నా ఎదురుగా చేతులు చాచి కూర్చున్న పిల్ల భుజం తట్టి లేపి, తను ఆ చోట కూర్చున్నారు. వాచిన చేతులు రెండూ చాచారు. పిల్ల తన చేతుల మీది చిలపని ఆవిడ చేతులకి ఎక్కించింది.

"చదవండి" అన్నారు.

చివరి వరస దాకా చదివాను. చివరి కన్ను జారిపోయి కొస నా చేతిలోకి వచ్చింది. ఆవిడ ఆ చిలప అలాగే చేతుల మీద పెట్టుకుని లేచి వెళ్ళిపోయారు. తడపడానికి తీసుకెళ్ళారనుకున్నాను.

వారం తర్వాత ఊలు కోసం తంగెళ్ళమూడి వెళ్తే సాయిబుగారు కుర్చీ వేయించారు. "శాలువా ఎలా వచ్చిందమ్మా? చూద్దామని ఎగ్జిబిషనుకి వద్దామనుకున్నాను, కాళ్ళు రాలేదు" అన్నారు.

"ఏ శాలువా అండీ?"

"తెల్లది. గొర్రెపిల్లల మొదటి కత్తిరింపు ఊలమ్మా అది. తివాచీకి పనికిరాదు, మరీ మెత్తన. రెండేళ్ళు గుప్పెడు గుప్పెడు దాచి ఇచ్చాను. వాళ్ళ అమ్మాయి కోసం కదా."

ఆవిడకి అమ్మాయి ఉందని నాకు తెలియదు. సాయిబుగారు నా మొహం చూసి గొంతు తగ్గించారు. "ఏడు నెలల పిల్లమ్మా. ఎప్పటి మాటో. లంకలో కాపురం ఉండేవారు అప్పుడు. వానల్లో జ్వరం తగిలింది. దోనె మీద ఏలూరు ఆసుపత్రికి తీసుకొస్తుంటే దారిలోనే పోయిందట. కప్పడానికి తడిసిన చీర చెంగు తప్ప ఏమీ లేకపోయిందట. ఇన్నాళ్ళకి ఎందుకండీ అని నేనూ అడిగాను. చేతులు పోతున్నాయి సాయిబుగారూ, ఊరందరి పిల్లలకీ చేశాను, పోయేలోపల దానికి ఒక్కటి చెయ్యాలి అన్నారు."

అక్కణ్ణించి స్కూలుకి ఎలా నడిచి వచ్చానో గుర్తులేదు. తిన్నగా ఆవిడ గదికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. చేతులు ఒళ్ళో ఉన్నాయి, వేరే ఎవరివో అక్కడ పెట్టి వెళ్ళినట్టు.

"మీదేనని నాకు అనిపించిందండి" అన్నాను. "అయినా విప్పాను."

 ఒక్క మాట తిడితే బాగుండునని నిలబడ్డాను.

"చీటీ పెట్టంది నేనండి" అన్నారు చివరికి. "నలుగురి మధ్యా ఒక్క పూట చూసుకుందామని పెట్టాను. చీకటిపడేలోగా తీసేద్దామనుకున్నాను, నొప్పికి లేవలేకపోయాను. పొద్దున్నే వద్దామంటే రవిక తొడుక్కోడానికే అంతసేపు పట్టిందండి."

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. "మీరు చదివింది విన్నానండి. ఒక్క తప్పు లేదు" అన్నారు. నన్ను ఓదార్చడానికే అన్నారు. ఆ మాటకన్నా చెంపదెబ్బ నయం.

"మీరు చెప్పండి, నేను మళ్ళీ అల్లుతాను" అని చింతపిక్కల డబ్బా తీసి ముందు పెట్టాను. ఆవిడ కొన్ని పిక్కలు పేర్చారు. వంగిన వేలికి పిక్క తిరగబడలేదు. నేను తిప్పబోతే చూసి, అది కాదండి అన్నారు. మళ్ళీ, అదీ కాదండి. మూడు వరసలయ్యాక అరచేత్తో పిక్కలన్నీ చెరిపేశారు. "ఇది చేతులు చెప్పాలండి. నోటికి రాదు."

లేవబోతుంటే అడిగారు. "మీకెంత వరకు గుర్తుందండి?"

"చివర చదివినవండి. మీరు వచ్చాక చదివినవి. ఇరవై రెండు వరసలు."

"చివర విప్పినవంటే నేను మొదట అల్లినవి."

"అవునండి."

"అయితే మొదలు మీ దగ్గరుందన్నమాట" అన్నారు. ఎందుకన్నారో నాకప్పుడు అర్థం కాలేదు.

వేసవి తర్వాత నన్ను తాడేపల్లిగూడెం స్కూలుకి మార్చారు. నేనే అడిగి మార్పించుకున్నాను, అదీ చెప్పాలి. ఆ తర్వాత మూడుసార్లు ఏలూరు వెళ్ళాను. మూడుసార్లూ స్కూలు వీధి మొగ వరకు వెళ్ళి వెనక్కి తిరిగాను. ఈసారి వెళ్దాం, వచ్చేసారి వెళ్దాం అనుకున్నాను. గంటన్నర రైలు ప్రయాణం. సిగ్గు అడ్డం పడితే అది ఎంత దూరమో ఎవరూ చెప్పలేరు. ఆవిడ ఆరోగ్యం బాగాలేదని తెలిసి కూడా వెళ్ళలేదు. ఇప్పుడు ఏమనుకుని ఏం లాభం.

నాలుగో రోజు ఆదివారం, గుడి నుంచి వచ్చి డబ్బా మూత తీశాను.

తెల్ల ఊలు చిలప. నాలుగు చోట్ల ఎర్రదారంతో కట్టి ఉంది. నేను అనుకున్నదే. కాని చేతిలోకి తీసుకునేసరికి తెలిసింది. ఆ ఊలు తడపలేదు. ఇటుక కట్టి వేలాడదీయలేదు. ఆవేళ నా చేతిలో విడిపోయినప్పుడు ఎలా ఉందో అలాగే, కన్ను కన్నుకీ ఒక ముడత, గిరజాలు గిరజాలుగా ఉంది. ముడత ఉన్న ఊలు డబ్బాలో పెడితే నాతో రెండు రోజులు మాట్లాడని మనిషి, ఇన్నేళ్ళూ దీన్ని మంచం కింద ఇలాగే పెట్టుకున్నారు.

చివర విప్పింది పైనుంటుంది గనక చిలప పైకొస శాలువాకి మొదటి కొస. అక్కణ్ణించి మొదలుపెడితే ఏ ముడత ఏ కన్నులో ఉండేదో మళ్ళీ అందులోనే పడుతుంది. మొదలు మీ దగ్గరుందన్నమాట, అన్నారు. ఆవిడ నాకు చేసిచ్చిన గొడుగు ఊచల సూదులు ఇంకా నా దగ్గరున్నాయి. గుమ్మం దగ్గర వెలుగులో కూర్చుని, పైకి చదువుకుంటూ, నేను ఆవేళ చదివిన వరసలు కిందనుంచి పైకి తిప్పుకుంటూ అల్లాను. ముడతలు ఒక్కొక్కటీ వెళ్ళి వాటి చోట్లో కూర్చున్నాయి. ఊలు గుచ్చుకోలేదు. అంచు వచ్చింది, నీటి చాలు మొదలైంది.

ఇరవై రెండో వరస అయింది. జానెడు. దాని తర్వాత ఆవిడ ఏం అల్లారో నాకు తెలియదు. అది కూడా నేనే చదివాను, నా నోటితోనే, ముప్ఫై మంది పిల్లల ముందు. ఒక్క ముక్క గుర్తులేదు. ఆవిడ వింటుండగా చదివినవి తప్ప నాకేమీ మిగల్లేదు.

అల్లింది సూదుల మీదే ఉంచి, మిగతా ఊలుతో అలాగే డబ్బాలో పెట్టాను. తడపలేదు.